సోమవారం ఓడ, మంగళవారం ముహూర్తం

"రానని చెప్తాండా కదా. ఇంకా ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

సుబ్బయ్య ఈ మాట అనడం పొద్దున్నుంచి మూడోసారి. మొదటిసారి వేపపుల్ల నములుతూ అన్నాడు. రెండోసారి కంచం ముందు కూర్చుని అన్నాడు. ఇప్పుడు వాకిట్లో నిలబడి, ఆళ్లగడ్డ బస్టాండు దాకా వినపడాలన్నట్టు అరిచాడు. అరిచి, గోడ పట్టుకుని దగ్గాడు. ఈ మధ్య అతని కోపాలన్నీ దగ్గుతోనే ముగుస్తున్నాయి.

ఉమామహేశ్వరమ్మ తల ఎత్తలేదు. పడసాలలో కొత్త సూట్‌కేసు ముందు కూర్చుని, మడిచిన చీరను విప్పి మళ్ళీ మడిచింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళ కాపురంలో ఆమె నెగ్గిన తగవులన్నీ ఇలా నోరు కట్టుకుని నెగ్గినవే.

"ఆ పెట్టె మూస్తావా లేదా?"

"మూస్తా. ఆదివారం బస్సెక్కేటప్పుడు."

"సోమారం నేను ఓడలో కూచుంటే, మంగళారం ఆడ చౌడమ్మకు కండ్లు ఎవరు తెరుస్తారు? మీ నాయనొచ్చి తెరుస్తాడా?"

"చచ్చిపోయిన మా నాయన్ని ఎందుకు ఈడ్చుకొస్తావు నడాన? తాంబూలం తీసుకునింది నువ్వు. తేదీ గట్టిగా అడక్కుండా తీసుకునింది నువ్వు."

సుబ్బయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

రాతిలో దేవుళ్ళను చెక్కే ఆ ఇంట్లో తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. విగ్రహం ఒప్పుకునేటప్పుడు ఆకూవక్కా అందుకున్న చెయ్యే చివర కళ్ళు తెరవాలి. చేతులు, నగలు, ఆయుధాలు ఎవరు చెక్కినా ఫరవాలేదు. కంటిపాప గీత మాత్రం ఆ చెయ్యే గియ్యాలి, అదీ గుడిలో, ముహూర్తం వేళకు. కొత్తపల్లె పక్క ఊరివాళ్ళు చౌడమ్మ కోసం వచ్చినప్పుడు ప్రతిష్ఠ నాలుగైదు నెలల్లో ఎప్పుడో అన్నారు. సుబ్బయ్య సరేనని తాంబూలం కళ్ళకద్దుకున్నాడు. తీరా నిన్న సాయంత్రం ఫోన్ చేసి, బుధవారం నుంచి మూఢమట, మంగళవారమే కానిచ్చేద్దాం, రేపు సాయంత్రం అయిదింటికి లారీ పంపిస్తాం అన్నారు. ఇన్నాళ్ళూ ఆ పురోహితుడి పంచాంగం ఏ అటక మీద ఉందో ఆ చౌడమ్మకే తెలియాలి.

ఓడేమో సోమవారం సాయంత్రం చెన్నైలో బయలుదేరుతుంది. రెండు రాత్రులు సముద్రంలో తిరిగి, బుధవారం పొద్దున మళ్ళీ చెన్నైలోనే దింపుతుంది. ఉన్నవాటిలో చవకైన ప్రయాణం అదే. అందులోనూ వారం మధ్య రోజులు, అందులోనూ కిటికీ లేని లోపలి గది. తేదీ మార్చుకునే వీలు లేదు. మానుకుంటే టికెట్టు అంతటితో సరి.

"సరే, నాదే తప్పు," సుబ్బయ్య గొంతు కొంచెం దిగింది. "నువ్వూ పిల్లా పోండి. నా బదులు పిల్లను తీసుకోపో."

"టికెట్టు మీద నీ పేరుంది. పేరు మార్చరంట."

"అట్లయితే నువ్వొక్కదానివే పో."

"ఒక్కదాన్నే పోయి ఎవరికి చూపిచ్చల్ల సముద్రం?"

"చూపిచ్చేదానికి ఏముందే ఆడ? యాడికీ పోని ఓడ అది. చెన్నైలో ఎక్కి చెన్నైలోనే దిగేదానికి ఓడెందుకు? ఆడ్నే ఏదన్నా అరుగు మీద కూచుంటే సరిపాయె."

ఇంకో రోజైతే ఈ మాటకు ఆమె పకపకా నవ్వేది. ఇవాళ నవ్వలేదు.

ఉమామహేశ్వరమ్మ పుట్టి పెరిగింది సున్నిపెంటలో. తండ్రి డ్యామ్ మీద పనిచేసేవాడు. చిన్నప్పుడు జలాశయంలో లాంచీలు పోతుంటే అదే సముద్రం అనుకునేది. అసలు సముద్రానికి అవతలి గట్టు కనపడదు పిల్లా అని తండ్రి అంటే నమ్మలేదు. పెళ్ళయి ఆళ్లగడ్డకు వచ్చాక నీళ్ళ సంగతి మరిచిపోయి రాతి దుమ్ములో బతికింది. ఇప్పుడు రెండు నెలలుగా ఫోన్‌లో ఓడ వీడియోలు చూసి చూసి పండితురాలైంది. సూట్‌కేసు గదికి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి మాత్రలు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. భోజనం టికెట్లోనే వస్తుంది కానీ పండ్లరసం ముట్టుకుంటే విడిగా పడుతుంది. ఓడ కదలగానే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. కళ్ళు తిరక్కుండా ఓడ కదలడానికి ముందే మాత్ర వేసుకోవాలి. బయటి తిండి లోపలికి రానివ్వరని కూడా ఆమెకు తెలుసు. తెలిసీ సెనగల పొడి పొట్లం ఒకటి చీర మడతలో దాచింది. పట్టుకుంటే అహోబిలం ప్రసాదం అని చెప్పాలని నిర్ణయించుకుంది.

"నువ్వు రాకుంటే నేనూ పోను," అంది.

"అంత మొండి ఎందుకే? మళ్ళీ పోదాంలే. వచ్చే ఏడు పోదాం."

వచ్చే ఏడు! ఉమామహేశ్వరమ్మ చెయ్యి చీర మీదే ఆగిపోయింది. నోటిదాకా వచ్చినదాన్ని మింగేసింది. రెండు నెలలుగా మింగుతూనే ఉంది.

"వచ్చే ఏడు లేదు."

"ఎందుకు లేదు?"

"ఓడ ఉండదంట."

ఆమెకు అబద్ధం ఆడటం ఎప్పుడూ చేతకాలేదు. సుబ్బయ్య ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. వాకిటి వైపు తిరిగాడు.

గేటు చప్పుడైంది. నంద్యాల బస్సు దిగి వచ్చింది కూతురు సాయిప్రియ. భుజాన సంచి, చంకలో పురికొసతో కట్టిన నల్లటి ఫిల్ముల కట్ట. ఆమె నంద్యాలలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. జనం తీసుకుపోకుండా వదిలేసిన పాత ఫిల్ములు తండ్రికి తెచ్చి ఇస్తుంది. విగ్రహానికి రెండు కళ్ళూ సమానంగా రావాలంటే ముందు అచ్చు కోసుకోవాలి. కాగితం అచ్చు తడికి నానిపోతుంది. రేకు అచ్చు చెంప వంపు మీద వంగదు. ఎక్స్‌రే ఫిల్ము నానదు, చెప్పినట్టు వంగుతుంది. అలా సుబ్బయ్య చెక్కిన దేవుళ్ళ కళ్ళన్నీ ఎవరి విరిగిన చేతుల్లోంచో, ఎవరి వాచిన మోకాళ్ళలోంచో కోసినవే.

"ఫిల్ములు తెచ్చినా నాయనా."

"ఇంక ఎందుకులేమ్మా. ఉండేటివి చాలు."

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

సాయిప్రియ తల్లి మొహం చూసింది, తండ్రి మొహం చూసింది. గొడవ ఇంకా తెగలేదని తెలిసింది. చెప్పులు విడవకుండానే ఫోన్ తీసింది.

"మా, ఓడోళ్ళ ఫారం వచ్చినాది. ఆరోగ్యం గురించి. ఈ పొద్దు ఆరుగంటల లోపల పంపియ్యల్ల. లేకుంటే ఎక్కనియ్యరు."

"నింపు," అంది తల్లి.

"రాని మనిషికి ఫారమెందుకు?" అన్నాడు తండ్రి.

"నింపెయ్‌మంటాండా కదా!"

సాయిప్రియ గుమ్మంలోనే కూర్చుని చదవడం మొదలుపెట్టింది. "జ్వరం ఉందా?"

"లేదు," తల్లి.

"గుండె ఆపరేషన్ ఏమన్నా అయినాదా?"

"లేదు."

"గర్భంతో ఉన్నారా?"

"ఎవరు, నేనా?" అన్నాడు సుబ్బయ్య.

సాయిప్రియకు నవ్వాగలేదు. తల్లికీ ఆగలేదు. పొద్దున్నుంచి బిగుసుకుపోయిన ఇల్లు కాస్త వదులైంది. సుబ్బయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు గొంతులో ఎక్కడో తట్టుకుంది. దగ్గు మొదలైంది. గోడ పట్టుకున్నాడు, తర్వాత కిటికీ ఊచ పట్టుకున్నాడు, తర్వాత నేల మీద చతికిలబడ్డాడు. భుజాన ఉన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గాడు. తల్లీకూతుళ్ళు ఆ వీపునే చూస్తూ ఉండిపోయారు.

దగ్గు ఆగింది.

"తర్వాతిది ఏందమ్మా?" అన్నాడు సుబ్బయ్య.

సాయిప్రియ ఫోన్ వంకే చూస్తూ కూర్చుంది.

"చదువు."

"పద్నాలుగు రోజుల్లో దగ్గు గానీ ఆయాసం గానీ ఉన్నాయా అని."

సుబ్బయ్య లేచాడు. తువ్వాలు మడిచి, మడత లోపలిది కనపడకుండా భుజాన వేసుకున్నాడు.

"కాదు అని కొట్టు. రానోనికి ఉంటే ఏంది, లేకుంటే ఏంది?"

చెప్పులేసుకుని షెడ్డుకు వెళ్ళిపోయాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఉమామహేశ్వరమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"అవును అంటే ఏమైతాది?"

"హార్బరు కాడ ఓడ డాక్టరు చూస్తాడు మా. కాగితాలు, ఫిల్ము అడుగుతాడు. పొమ్మంటే పోవచ్చు. వద్దంటే గేటు కాడి నుంచే వాపస్."

"కాదు అంటే?"

"ఎక్కుతారు. నడి సముద్రంలో ఊపిరాడకుంటే నాయన్ని ఏం చేస్తావు? ఇట్ల తిప్పమంటే అట్ల తిప్పేదానికి అదేమన్నా ఆటోనా?" సాయిప్రియ కళ్ళు తుడుచుకుంది. "అది నేను తీసిన ఎక్స్‌రే మా. కాదు అని నా చేత్తో ఎట్ల కొట్టేది?"

రెండు నెలల కిందట దగ్గు తగ్గడం లేదని తండ్రిని నంద్యాలకు పిలిపించుకుని ఆమే ఛాతీ ఎక్స్‌రే తీసింది. తెర మీద చూసింది. రెండు ఊపిరితిత్తుల నిండా తెల్లటి రవ్వ చల్లినట్టు చుక్కలు. ముప్ఫయ్యైదేళ్ళ రాతి దుమ్ము. డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, తగ్గే జబ్బు కాదమ్మా, ఏడాది అనుకో, అంతకు ముందే కూడా కావచ్చు అన్నాడు. తండ్రికి మాత్రం నెమ్ము చేరిందని చెప్పారు. ఆ వారమే సాయిప్రియ ఓడ టికెట్లు తీసింది. అమ్మ కోరిక తీరాలని అందరికీ చెప్పింది. అమ్మ పక్కన నాయన ఉండగా తీరాలన్న మాట తల్లికొక్కదానికే చెప్పింది.

"ఫిల్ము తీసుకోపో మా. నిజమే చెప్పి, ఆ డాక్టరును బతిమాలుకో. ముందు నాయన్ని ఒప్పిచ్చు. ఫిల్ము యాడ పెట్టినావు?"

"ఇంట్లో పెడితే కంట పడుతుందని షెడ్డులో పెట్టినా. నువ్వు తెచ్చిన ఫిల్ముల కట్టలో. అన్నిటికీ అడుగున."

"షెడ్డులోనా! నాయన చేతికిందనా?"

"ఆ కట్టలో ఎన్ని లేవు? మీ నాయన వాటిని కోస్తాడే గాని ఎప్పుడన్నా చూస్తాడా?"

సాయిప్రియ ఇంకేదో అనబోతుండగా వాకిట్లో గాజుల చప్పుడైంది. వెనక వీధి గుల్జార్‌బీ. ఆమె భర్త మస్తాన్ ఇరవయ్యేళ్ళు సుబ్బయ్యకు బండలు కొట్టి ఇచ్చినవాడు. పోయిన ఏడు దగ్గి దగ్గి పోయాడు. అప్పటినుంచి గాజుల అంగడి పెట్టుకుని బతుకుతోంది. ఆమె చేతిలో మడత పెట్టిన ఉన్ని శాలువా ఉంది.

"ఓడలో ఏసీ చానా చలంట కదా ఉమక్కా. మస్తాన్‌కు కొన్న శాలువా ఇది. రెండుసార్లు గూడా కప్పుకోలే. అన్నకు పనికొస్తాదని తెచ్చినా."

"మీ అన్న రాడంట."

"ఇన్నా. వీధంతా ఇన్నాది." గుల్జార్‌బీ శాలువాను సూట్‌కేసు మీద పెట్టి గోడకు ఆనుకుంది. "నెల దినాల నుంచి అన్న మనసు బాగలేదులే అక్కా. మస్తాన్ మింద బెంగ పెట్టుకున్నాడు."

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరో చెప్పేదేంది? మా ఇంటికొచ్చినాడు కదా. మస్తాన్ ఎక్స్‌రే ఇంకా దాచిపెట్టినావా చెల్లెలా అని అడిగినాడు. తీసిచ్చినా. కిటికీ కాడ ఎండకు పట్టుకొని చానాసేపు చూసినాడు. ఆయన చేతిలో ఇంకోటి ఏందో చుట్టి ఉండె. దాన్ని గూడా విప్పి రెండూ పక్కపక్కన పెట్టి చూసినాడు. ఫోటో తీసినాక మస్తాన్ ఎన్ని నెలలు ఉలి పట్టినాడని అడిగినాడు. అయిదు నెలలన్నా అని చెప్పినా. గమ్మున వెళ్ళిపాయె."

ఉమామహేశ్వరమ్మ లేచి నిలబడింది. ఒళ్ళోని చీర జారి నేల మీద పడింది. దాన్ని తొక్కుకుంటూ, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

షెడ్డు రెండు వీధుల అవతల, రోడ్డు పక్కన. ఆమె వెళ్ళేసరికి నాలుగున్నర. పాలిష్ పట్టే యేసుదాసు అమ్మవారి పీఠం తుడుస్తున్నాడు.

"ఏందీ వదినా, చెప్పుల్లేకుండా వచ్చినావు?"

సుబ్బయ్య ఆమె మొహం చూశాడు. "యేసూ, పోయి టీ తాగి రాపో."

"ఇప్పుడే తాగితి కదన్నా."

"ఇంకోటి తాగుపో."

యేసుదాసు ఇద్దరినీ మార్చి మార్చి చూసి బయటికి నడిచాడు.

షెడ్డు మధ్యలో ఆరడుగుల నల్లరాతి చౌడమ్మ నిలబడి ఉంది. ముఖం మీద తడిగుడ్డ. ఉమామహేశ్వరమ్మ అటు చూడలేదు. స్టూలు లాక్కుని గోడకున్న చెక్క మీది ఫిల్ముల కట్ట దించింది. ముడి రాకపోతే పళ్ళతో లాగింది. ఒక్కొక్కటే తీసి నేల మీద పరిచింది. వేళ్ళు, మోకాళ్ళు, ఎవరిదో దవడ, ఎవరిదో పిల్ల చెయ్యి. అడుగుకు వచ్చింది. అక్కడేమీ లేదు.

"ఆడ వెతకాకు," అన్నాడు సుబ్బయ్య. "గోడకు తగిలిచ్చినా."

గోడకు వరసగా మేకులు, మేకులకు అచ్చులు. ముక్కులవి, పెదవులవి, కిరీటపు పూలవి. మూడో మేకుకు అన్నిటికంటే పెద్దది వేలాడుతోంది. ఉమామహేశ్వరమ్మ దాన్ని తీసి వెలుతురుకు పట్టుకుంది. పక్కటెముకలు కనిపించాయి. రెండు ఊపిరితిత్తులూ ఉండాల్సిన చోట రెండు పెద్ద కళ్ళ ఆకారంలో ఖాళీలు ఉన్నాయి. కోత అంచుల చుట్టూ తెల్లటి రవ్వ చుక్కలు. మూలన చిన్న అక్షరాల్లో సుబ్బయ్య పేరు, వయసు, తేదీ.

ఆమె నేల మీద కూర్చుండిపోయింది.

"ఎప్పుడు చూసినావు?"

"నెలయినాది. అమ్మవారి మొగం పెద్దది, పెద్ద ఫిల్ము కావల్సొచ్చె. కట్టంతా తిరగేస్తి. అన్నీ చేతులూ కాళ్ళే. రొమ్ముది ఒక్కటే పెద్దది. కోద్దామని గీత గీసుకుంటాంటే పేరు కనపడె."

"చూసి గూడా కోసినావా?"

"నాలుగు దినాలు పెట్టుకుని చూస్తి. మస్తాన్‌ది పక్కన పెట్టుకుని చూస్తి. ఇద్దరివీ ఒకటే మాదిరి ఉండాయి. ఇంక దాచిపెట్టుకుని ఏం చేసుకోల్ల?" సుబ్బయ్య చేతిలోని సుత్తిని బండ మీద పెట్టాడు. "అచ్చు బాగా వచ్చినాది."

ఉమామహేశ్వరమ్మకు ఏడుపు రావాలి. రాలేదు, ఒళ్ళు మండే కోపం వచ్చింది. లేచి అతని భుజం మీద అరచేత్తో కొట్టింది. ఇంకోటి కొట్టింది. చొక్కాలోంచి దుమ్ము లేచింది.

"నెల దినాలు! నెల దినాలు నా పక్కన పండుకొని నాకు చెప్పలే నువ్వు!"

"నువ్వు చెప్పినావా?"

ఆమె చెయ్యి అతని భుజం మీదే ఉండిపోయింది. రోడ్డు మీద ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఓడ మాట వచ్చినప్పుడల్లా నువ్వు నగుతాంటివి," అన్నాడు సుబ్బయ్య. "సబ్బు తీసుకోల్లనా వద్దా, స్వెట్టర్ ఎన్ని, అని పిల్లతో ఫోన్‌లో మాట్లాడి మాట్లాడి నగుతాంటివి. ఆ నగు చెడగొట్టబుద్ధి కాలే నాకు."

"మరి ఈ పొద్దు రానంటివి?"

"ఇది నా ఆఖరిది. ఇంకోటి మొదలుపెట్టి అయిపోగొట్టలేను. ఆ సంగతి నాకు తెలుసు. కండ్లు లేకుండా పంపిస్తే గుడ్డిదాన్ని చేసి ఇడ్సినట్టు కదా ఆమెను."

"నన్ను? నన్ను ఏం చేసి ఇడుస్తావు?"

ఉలి పట్టిన ముప్ఫయ్యైదేళ్ళలో సుబ్బయ్యకు ఇంత కష్టమైన ప్రశ్న ఎవరూ వేయలేదు. దేవుళ్ళందరికీ కళ్ళు పెట్టినవాడు భార్య కళ్ళలోకి చూడలేక తల దించుకున్నాడు.

అప్పుడే ఉమామహేశ్వరమ్మ ఫోన్ మోగింది. సాయిప్రియ.

"మా, దొరికినాదా? ఆరుకు ఇంక గంటన్నర గూడా లేదు. ఏం కొట్టమంటావు, అవునా కాదా?"

ఆమె పలకకుండా ఫోన్ భర్త వైపు చాపింది. సుబ్బయ్య తీసుకున్నాడు.

"అవును అని కొట్టమ్మా."

"నాయనా... నువ్వు వస్తాండావా?"

"వస్తాండా. దగ్గుంది, ఆయాసముంది, అన్నీ ఉండాయని కొట్టు. నెమ్ము అని రాయాకు. నెమ్ము కాదని నాకు తెలుసులే."

సాయిప్రియ ఏడుపు ఫోన్‌లోంచి ఉమామహేశ్వరమ్మకు కూడా వినపడింది. సుబ్బయ్య ఫోన్ పెట్టేశాడు.

"గేటు కాడ ఆపేస్తే?" అంది ఆమె.

"ఆపితే ఆడ్నే ఒడ్డున నిలబడి చూస్తాం. సముద్రమేమన్నా ఓడ లోపల ఉంటాదా?"

ఆ మాటతో ఆమెకు ఏడుపొచ్చింది. రెండు నెలల ఏడుపు. సుబ్బయ్య ఆమె తల మీద చెయ్యి పెట్టబోయి, దుమ్ము చెయ్యి అని చొక్కాకు తుడుచుకుని అప్పుడు పెట్టాడు.

ఆమె ఏడుపు తగ్గేదాకా ఆగి, వెళ్ళి షెడ్డు తలుపు దగ్గరగా వేశాడు. అల్మారాలోంచి ఇత్తడి డబ్బీ తీశాడు. అందులో పసుపు గుడ్డలో చుట్టిన బంగారు సూది, వేలెడంత ఉలి ఉన్నాయి. ఆ డబ్బీ ముహూర్తానికి తప్ప ఎప్పుడూ తెరవరు. ఉమామహేశ్వరమ్మ కళ్ళు తుడుచుకుని చూసింది.

"ఏందది? ఏం చేస్తాండావు?"

"లారీ వచ్చే లోపల ఈడ్నే తెరుస్తా. తెరిచి గుడ్డ కట్టి పంపిస్తా. మంగళారం మా తమ్ముని కొడుకు ప్రవీణ్ పోయి గీసినట్టు చేసి వస్తాడు. తాంబూలం తీసుకున్న చెయ్యి పని చేసినట్టే అయితాది. నీతో ఓడ ఎక్కినట్టూ అయితాది."

"ముహూర్తం లేకుండానా? గుడి బయటనా?"

"అవును."

"తప్పు కదయ్యా!"

"తప్పే. మా తాత చేయలే, మా నాయన చేయలే. నేను చేస్తాండా."

"ఏమన్నా అయితే?"

"నాకు ఇంకా అయ్యేదానికి ఏం మిగిలినాది?"

స్తంభానికి గడ్డం గీసుకునే అద్దం ఒకటి వేలాడుతోంది. సుబ్బయ్య దాన్ని తెచ్చి చౌడమ్మకు ఎదురుగా, ముఖం ఎత్తున, తాడుకు కట్టాడు. కొత్తగా తెరిచిన కంటి మొదటి చూపు మనిషి మీద పడకూడదు. అందుకే ముందు అద్దం చూపిస్తారు. ఆ చూపు సూటిగా తగిలితే మనిషి నిలవడని సుబ్బయ్య తండ్రి చెప్పేవాడు. పెళ్ళయిన కొత్తలో ఉమామహేశ్వరమ్మకు అత్త మొదట నేర్పింది కూడా అదే. విగ్రహం ముందు నడవొద్దు పిల్లా, పక్కనుంచి నడువు అనేది.

సుబ్బయ్య తడిగుడ్డ తీశాడు. ఉమామహేశ్వరమ్మ మొదటిసారి ఆ ముఖాన్ని చూసింది. కోరలు, ముక్కెర, నుదుటి బొట్టు. కనురెప్పల మధ్య మాత్రం నున్నటి ఖాళీ రాయి. ఆ రెప్పల వంపు ఆమె చేతిలో ఉన్న ఫిల్ములోని వంపే.

సుబ్బయ్య స్టూలు ఎక్కాడు. సూదిని కంటికి తాకించి తీశాడు. చిన్న ఉలిని కుడికంటి మీద ఆనించాడు. రెండో చేత్తో సుత్తి తీసుకున్నాడు. కాస్త ఊపిరి తీసుకోవడానికి ఆగాల్సి వచ్చింది.

"ఉమా."

అతను ఆమెను పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో.

"పక్కకు పో. ఎదురుగా నిలబడాకు."

ఆమె కదిలింది. పక్కకు మాత్రం పోలేదు. అద్దం దగ్గరికి వెళ్ళి తాడు ముడి విప్పింది. అద్దాన్ని నేల మీద బోర్లా పెట్టింది. లేచి, అద్దం ఉన్న చోట తాను నిలబడింది.

"ఏందే అది? నీకేమన్నా మతి పోయినాదా?"

"తెరువు."

"జరుగు ఉమా! లారీ వచ్చే టైమాయె!"

"ఈమె మొగం చెక్కితే లేచిన దుమ్మే కదా నీ రొమ్ములో ఉండేది. యాడికి పోయినాదో ముందు నన్ను చూసి తెలుసుకోనీ. ఏమన్నా అయ్యేది ఉంటే నాకే కానీ. నీకు ఈమె ఇచ్చింది చాలు."

"నిన్ను సముద్రం కాడికి తీసుకుపోదామనే కదే నేను ఈ పాపం చేస్తాండేది!"

"నాకు సముద్రం ఒక్కటే చాలని ఎవరు చెప్పినారు నీకు?"

సుబ్బయ్య గొంతులో దగ్గు తన్నుకొస్తోంది. దగ్గితే ఉలి జారుతుంది. జారితే అమ్మవారి కన్ను పోతుంది. పళ్ళు బిగించి ఆపుకుంటున్నాడు.

బయట లారీ వచ్చి ఆగింది. ఎవరో దిగి తలుపు తట్టారు. "ఆచారీ! ఉండావా లోపల?"

సుబ్బయ్య చేతిలోని ఉలి చౌడమ్మ కంటి మీదే ఉంది. ఉమామహేశ్వరమ్మ జరగలేదు.